19 శాతానికి సున్నా, 20కి 50: ఒక గన్నర్ హవల్దారు డిజెబిలిటీ పెన్షన్ కేసు

ఈ కేసు ఉదయగిరి వైపు ఊరి మనిషిది. 1994లో 18 ఏళ్లకి ఆర్టిలరీలో చేరాడు. హైదరాబాదు గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగ్. 24 ఏళ్ల సర్వీసు పూర్తి చేసి 2018 జనవరి 31న హవల్దారుగా ఇంటికొచ్చాడు. సర్వీస్ పెన్షన్‌కి ఏ ఇబ్బందీ రాలేదు. సర్వీసులో వచ్చిన వైకల్యానికి ఇచ్చే డిజెబిలిటీ పెన్షన్ మాత్రం కుదరదన్నారు.

బయటికొచ్చేటప్పుడు రిలీజ్ మెడికల్ బోర్డు ఆయనకి రెండు జబ్బులు రాసింది. ఒకటి రెండు చెవుల్లో వినికిడి లోపం, 15 నుంచి 19 శాతం. రెండోది బీపీ, 30 శాతం. రెండింటి పక్కనా ఒకటే తీర్పు: సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు. మిలిటరీ కాగితాల మీద పనిచేసేవాళ్లం దీన్ని పొట్టిగా 'నానా' అంటాం. నానా పడిందంటే పక్కన శాతం ఎంతున్నా చేతికొచ్చేది ఏమీ లేదు.

కొన్ని నెలలకి తిరస్కరణ ఉత్తరం ఇంటికొచ్చింది. అందులో ఆరు నెలల్లోపు అప్పీలు చేసుకోవచ్చని కూడా ఉంది. ఆయన దాన్ని మడిచి ట్రంకు పెట్టెలో పెట్టేశాడు. నా దగ్గరికి వచ్చేసరికి 2021 వచ్చేసింది. అప్పటికే నెల్లూరులో ఒక అపార్టుమెంటుకి సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేస్తున్నాడు.

వచ్చింది భార్యాభర్తలిద్దరూ. మాట్లాడింది ఎక్కువగా ఆమె. "ఆయనకి ఎడం పక్కన కూర్చోబాకండి సార్, వినపడదు. ఈ పక్కకి రాండి" అని ముందే చెప్పింది. మూడేళ్లు ఎందుకు ఊరుకున్నారమ్మా అంటే, "డాక్టర్లు రాసినాక ఇంకేం చేస్తాంలే అన్నాడు సార్. మిలిటరీలో పై మాటకి ఎదురు చెప్పరంట గదా" అంది.

నేను వకీలు పట్టా తీసుకోకముందు ఆర్మీలోనే క్లర్కుని. మెడికల్ బోర్డు ఫారాలు ఎలా నిండుతాయో, ఏ గడి ఎవరు నింపుతారో, ఏ గడి నిన్నటి ఫారం చూసి కాపీ కొడతారో బల్లకి అటువైపు కూర్చుని చూశాను. రిటైరయ్యాక నెల్లూరు వీఆర్ లా కాలేజీలో చదివి ఇటువైపుకి వచ్చాను. అందుకని ఈ కేసులు వస్తే జబ్బెంత పెద్దది అని ముందుగా అడగను. ఫారంలో ఏం రాశారు, కారణం గడిలో ఏం రాయలేదు, ఆ రెండే చూస్తాను. కేసు నిలిచేదైనా కూలేదైనా అక్కడే.

ముందు కాగితాలు

ఆయన దగ్గరున్నవి డిస్‌ఛార్జ్ బుక్కు, పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), తిరస్కరణ ఉత్తరం. ఈ మూడింటితో అప్పీలు రాయకూడదు. తిరస్కరణ ఉత్తరంలో బోర్డు తేల్చిన ముక్క మాత్రమే ఉంటుంది. ఎందుకు తేల్చిందో అసలు ఫారంలో ఉంటుంది. ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 అని దాని పేరు. కొందరికి కాపీ ఇస్తారు, చాలామంది ఇచ్చినా పారేసుకుంటారు.

పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి సమాచార హక్కు కింద అర్జీ వేశాం. అడిగినవి: బోర్డు ఫారం మొత్తం, చేరినప్పటి మెడికల్ పరీక్ష పత్రం, మధ్యలో మెడికల్ కేటగిరీ తగ్గించినప్పటి బోర్డు పత్రాలు, ఆస్పత్రి కేస్ షీట్లు. అర్జీలో 'సంబంధిత పత్రాలన్నీ' అని రాస్తే రెండు పేజీలు పంపి చేతులు దులుపుకుంటారు. పేరుపేరునా అడగాలి.

వచ్చిన కట్టలో నాకు పనికొచ్చినవి మూడు.

మొదటిది 1994 నాటి పరీక్ష. వినికిడి గడిలో రెండు చెవులకీ 610 అని ఉంది. మామూలు గొంతుతో మాట్లాడితే 610 సెంటీమీటర్ల దూరం నుంచి వినపడుతోందని దాని అర్థం. అంటే చెవులు శుభ్రం. బీపీ కూడా మామూలే. షేప్-1, మచ్చ లేని ఫిట్‌నెస్.

రెండోది 2003 నాటి బోర్డు. ఎడమ చెవికి ఆ దూరం సగానికి పడిపోయింది. కేటగిరీ హెచ్-2కి, అంటే వినికిడిలో ఒక మెట్టు కిందికి, దించారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క వేసుకోండి. 1994లో 18 ఏళ్లవాడికి 2003లో 27 ఏళ్లు. 2018లో బోర్డు ఆ చెవుడికి రాసిన కారణం 'వయసుతో వచ్చే అరుగుదల'. ఇరవై ఏడేళ్లకి అరిగే చెవులు నేను ఎక్కడా చూడలేదు.

మూడోది 2018 ఫారంలోనే ఉన్న పోస్టింగుల పట్టిక. ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఎక్కడ ఉన్నాడో, అది పీస్ స్టేషనా (మామూలు కంటోన్మెంటు) ఫీల్డా (సరిహద్దు, పోరాట ప్రాంతం) కమాండింగ్ ఆఫీసరు తరఫున నింపే పట్టిక అది. ఆ పట్టికని డాక్టర్లు చూడాలి. చూశారో లేదో తెలియదు గానీ, చూసిన ఆనవాలు మాత్రం కారణం గడిలో కనపడలేదు. అందులో కార్గిల్ యుద్ధం నాటి ద్రాస్ ఉంది, 1999. ఆపరేషన్ పరాక్రమ్ సమయంలో పాకిస్తాన్ సరిహద్దు మీద మోహరింపు ఉంది, 2001-02. కాశ్మీరు లోయలో, ఉగ్రవాదులతో పోరాడే రాష్ట్రీయ రైఫిల్స్‌తో 2011 నుంచి 2013 దాకా ఉంది. ఆ తరువాత పీస్ స్టేషను. బీపీ ఉందని ఆస్పత్రిలో ఖాయం చేసింది 2014లో, ఆ పీస్ స్టేషనులో. బోర్డు ఈ చివరి ముక్కనే పట్టుకుంది: పీస్‌లో బయటపడింది కాబట్టి సర్వీసుకి సంబంధం లేదు.

ఇవి కాక నాలుగో కాగితం ఒకటి ఆమె ట్రంకు పెట్టెలోంచి తెచ్చింది. సగం చిరిగి, పాలిథిన్ కవర్లో పెట్టిన ఎంఐ రూమ్ (యూనిట్ డాక్టరు గది) చీటీ. 2013 మార్చి. తలనొప్పి అని సిక్ రిపోర్టు చేసినప్పటిది. నీలం ఇంకుతో బీపీ 150/96 అని, దాని కింద రెండు వారాల తరువాత మళ్లీ చూడాలని రాసి ఉంది. మళ్లీ చూసిన దాఖలా ఎక్కడా లేదు, ఎందుకంటే అప్పటికి ఆయన తన జవాన్ల పార్టీతో కాపలా పోస్టు మీదికి వెళ్లిపోయాడు. ఆమె దీన్ని దాచింది కేసు కోసం కాదు, వెనకవైపు ఒక ఫోన్ నంబరు రాసి ఉందని. ఏదైతేనేం, బీపీ పీస్‌లో పుట్టలేదని చెప్పే ఒకే ఒక్క సర్కారీ కాగితం అదే.

చెవి కేసా, బీపీ కేసా

ఇక్కడ ఆయనకీ నాకూ కుదరలేదు.

ఆయనకి చెవి కేసు కావాలి. 1999 జూన్‌లో తోలోలింగ్ కింద బోఫోర్స్ గన్ దగ్గర ఉన్నాడు. 155 మిల్లీమీటర్ల గన్‌ని ఎదురుగా కనపడే శిఖరం మీదికి నేరుగా గురిపెట్టి కొట్టిన యుద్ధం అది. ఆ కొద్ది వారాల్లో మన ఆర్టిలరీ పేల్చిన గుండ్లు, రాకెట్లు రెండున్నర లక్షలు దాటాయి. చెవుల్లో దూది పెట్టుకునే తీరిక కూడా ఉండేది కాదని చెప్పాడు. "నా చెవి అక్కడ పోయింది సార్. బీపీదేముంది, మా ఊళ్లో కిరాణా కొట్టాయనకీ ఉంది. బీపీ మీద పెన్షన్ అడుక్కోవడం నాకు బాగుండలేదు" అన్నాడు. గట్టిగానే అన్నాడు. వినపడనివాళ్లు మామూలుగానే గట్టిగా మాట్లాడతారు, అది వేరే సంగతి.

ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ లెక్కలో న్యాయం లేదు. ఆ లెక్క ఇలా ఉంటుంది.

వైకల్యానికి విడిగా ఇచ్చే పెన్షన్ భాగాన్ని డిజెబిలిటీ ఎలిమెంట్ అంటారు. అది రావాలంటే రెండు గుమ్మాలు దాటాలి. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనో, ముదిరిందనో తేలాలి. శాతం 20కి తగ్గకూడదు. రెండూ దాటితే శాతాన్ని పైకి సర్దుతారు: 50 లోపు ఎంతున్నా 50, ఆపైన 75 దాకా 75, అది దాటితే 100. ఈ సర్దుబాటుని మొదట్లో జబ్బు వల్ల మధ్యలో ఇంటికి పంపినవాళ్లకే ఇచ్చేవారు. సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవాళ్లకీ ఇవ్వాలని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇది మనకి అనుకూలం. ప్రతికూలం ఇంకోటుంది. 2019 డిసెంబరులో ఎస్.పి. రాథోర్ కేసులో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది: సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవాడికి 20 శాతం లోపు ఉంటే ఎలిమెంటే లేదు, లేనిదాన్ని సర్దేది కూడా లేదు. మధ్యలో ఇన్‌వాలిడ్ చేసి పంపిన జవానుకి ఈ చిక్కు లేదు. 2014 నాటి సుఖ్‌విందర్ సింగ్ తీర్పు ప్రకారం, ఇంటికి పంపారంటేనే వైకల్యం 20 దాటినట్టు లెక్క. మా హవల్దారు 24 ఏళ్లూ పూర్తి చేశాడు. ఆ తీర్పు నీడ ఆయన మీద పడదు.

కాబట్టి 19కి సున్నా. 20కి 50. మధ్యలో మెట్టు లేదు, గోడ ఉంది. చెవి విషయంలో మేము నూటికి నూరుపాళ్లు గెలిచినా 15-19 దగ్గర ఆగిపోతాం. బీపీ 30 దగ్గర ఉంది. 'నానా' ఒక్కటి తీయించగలిగితే నేరుగా 50.

చెవికి శాతం పెంచమని మళ్లీ బోర్డు అడగొచ్చు కదా అని ఆమె అడిగింది. మంచి ప్రశ్న. అడగొచ్చు. నేను వద్దన్నాను. 2001 ఫిబ్రవరి 7 నాటి రక్షణ శాఖ ఉత్తర్వు తరువాత, మారని జబ్బులకి కొన్నేళ్లకోసారి మళ్లీ బోర్డు ముందు నిలబడే పద్ధతి పోయింది. మనంతట మనం కోరితే తప్ప జీవితాంతం అదే శాతం. మనమే కోరి వెళ్తే కొత్త బోర్డు చెవిని 20 చేయొచ్చు. మాత్రలతో బీపీ అదుపులో ఉంది గదా అని ఆ 30ని తగ్గించనూ వచ్చు. చేతిలో ఉన్న 30ని పందెంలో పెట్టి 20 కోసం ఆడటం నాకు నచ్చలేదు. బయట ఆడియోగ్రామ్ తీయించి కోర్టుకి చూపిస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. ఇలాంటి కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ తనంతట తాను శాతం మార్చదు. మహా అయితే మళ్లీ బోర్డు పెట్టమంటుంది. తిరిగి అక్కడికే వస్తాం.

చివరికి ఇలా కుదుర్చుకున్నాం. పిటిషన్లో రెండూ ఉంటాయి. బీపీ 'సర్వీసు వల్ల ముదిరింది' అని, చెవి 'సర్వీసు వల్లే వచ్చింది' అని. డబ్బు అడిగేది బీపీ మీద. చెవి గురించి అడిగేది కారణం సరిదిద్దమని. రెండూ కలిపి లెక్కగట్టినా 50 లోపే ఉంటుంది కాబట్టి చెవి వల్ల ఒక్క రూపాయి అదనంగా రాదని కాగితం మీద వేసి చూపించాను. "రాకపోయినా పర్లేదు, రాయించండి" అన్నాడు.

అప్పీళ్లు

మొదటి అప్పీలు రికార్డ్స్ ఆఫీసు ద్వారా అప్పీళ్ల కమిటీకి వెళ్తుంది. గడువు ఎప్పుడో దాటింది కాబట్టి ఆలస్యానికి కారణం రాశాం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా కూడా పంపొచ్చు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ మాజీ సైనికులు చాలామంది అలానే పంపుతారు, తప్పేం లేదు. కాకపోతే అక్కడ అప్పీలు రాసిపెట్టే మనిషి దొరికినా, కారణాలు వెతికిపెట్టే మనిషి దొరకడు. నా దగ్గరికి వచ్చే పాత అప్పీళ్లలో ఎక్కువ భాగం ఇలా ఉంటాయి: నేను దేశానికి ఇన్నేళ్లు సేవ చేశాను, పిల్లల చదువులు ఉన్నాయి, దయచేసి మంజూరు చేయండి. చదివితే కడుపు తరుక్కుపోతుంది. కమిటీ చూసేది మాత్రం బోర్డు రాసిన కారణం తప్పని దీంట్లో ఎక్కడైనా ఉందా అనే.

మేము పంపిన అప్పీలు రెండు పేజీలు దాటలేదు. సేవ గురించి ఒక్క వాక్యం లేదు. 610 అని ఉన్న కాగితం, 27 ఏళ్లకి హెచ్-2, పోస్టింగుల పట్టిక, ఎంఐ రూమ్ చీటీ. వీటికి తోడు మిలిటరీ డాక్టర్లకే ఉన్న గైడు పుస్తకంలో బీపీ గురించిన 43వ పేరా.

ఆ పేరా సంగతి కొంచెం చెప్పాలి. ఫీల్డులోనో, ఎత్తైన కొండల్లోనో, ఉగ్రవాదులతో పోరాడే ప్రాంతంలోనో ఉండగా బీపీ వస్తే సర్వీసు వల్ల ముదిరినట్టు పరిగణించాలని అందులో ఉంది. బోర్డులు ఈ ముక్కని తిరగేసి, అక్కడ బయటపడలేదు గనక సంబంధం లేదని రాసేస్తాయి. అయితే అదే పేరాలో దానికి ముందు ఇంకో మాట ఉంది. ఫీల్డులో దీర్ఘకాలం, పదేపదే పనిచేశాక బీపీ బయటపడే కేసులున్నాయనీ, ఒత్తిడికి ఒక్కో ఒళ్లు ఒక్కోలా స్పందిస్తుంది కాబట్టి దీన్ని అర్థం చేసుకోవచ్చనీ. ద్రాస్, పరాక్రమ్, లోయలో రెండేళ్లు. దీర్ఘకాలం, పదేపదే అంటే ఇంకేం కావాలి?

2021 చివర్లో జవాబు వచ్చింది. తిరస్కరణ. బోర్డు రాసిన వాక్యమే మళ్లీ. మా చీటీ గురించి గానీ, 43వ పేరా గురించి గానీ ఒక్క ముక్క లేదు. నిజం చెప్పాలంటే నాకు బాధనిపించలేదు. అడిగినదానికి జవాబు చెప్పకుండా తిరస్కరించిన ఉత్తరం ట్రిబ్యునల్లో మనకే పనికొస్తుంది. ఆయన మాత్రం డీలా పడిపోయాడు. ఎవరో ఏజెంటు ఫోన్ చేసి, వచ్చిన బకాయిలో 30 శాతం ఇస్తే ఢిల్లీలో పని చేయిస్తానన్నాడట. ఇలాంటివాళ్లు మాజీ సైనికుల వాట్సాప్ గ్రూపుల్లో చాలామంది తిరుగుతుంటారు. వచ్చినదాంట్లో వాటా అడగడం వకీలుకి బార్ కౌన్సిల్ నియమాల ప్రకారమే నిషేధం, ఏజెంటుకైతే అడిగే అర్హతే లేదు. ఈ మాట ఆమెతో చెప్పాను, ఆమె ఆ నంబరు బ్లాక్ చేసింది.

వెంటనే రెండో అప్పీలు వేశాం. ఆరు నెలలు దాటినా జవాబు లేదు. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, అర్జీ పెట్టుకున్న ఆరు నెలల్లో తేల్చకపోతే ఇక ఎదురుచూడక్కర్లేదు, కోర్టు తలుపు తట్టొచ్చు. 2022 జూలైలో ట్రిబ్యునల్ చెన్నై బెంచిలో ఓఏ, అంటే మా పిటిషన్, వేశాం.

చెన్నైలో

ప్రభుత్వం కౌంటరు వేసింది. మూడు వాదనలు. డాక్టర్లు నిపుణులు, వాళ్ల అభిప్రాయం మీద కోర్టు తన అభిప్రాయం రుద్దకూడదు. బీపీ జీవనశైలి జబ్బు. మూడోది కొంచెం బరువైనది: జవాను చేరినప్పుడు ఆరోగ్యంగా ఉంటే తరువాత వచ్చిన జబ్బు సర్వీసు వల్లనే అని అనుకోవాలన్న సూత్రం 1982 నాటి ఎంటైటిల్‌మెంట్ రూల్సులో ఉంది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఆ రూల్సు గురించే. ఈయన 2018లో వచ్చాడు, ఈయనకి 2008 రూల్సు వర్తిస్తాయి, వాటిలో ఆ సూత్రం లేదు.

చాలామంది వకీళ్లు ఇక్కడ ధరమ్‌వీర్ సింగ్ తీర్పునే మళ్లీ మళ్లీ చదువుతారు. నేను ఆ దారిన పోలేదు. 2008 రూల్సునే తీసుకున్నాను. వాటిలో కూడా మామూలుగా జవాను తన హక్కుని రుజువు చేసుకోనక్కర్లేదనే ఉంది. డిస్‌ఛార్జి అయిన 15 ఏళ్ల తరువాత, రికార్డులు నాశనం చేశాక వస్తేనే రుజువు భారం అతని మీద పడుతుంది. ఈయన మూడేళ్లకే వచ్చాడు, రికార్డులన్నీ ఉన్నాయి. ఇక నిపుణుల మాట. వాళ్ల అభిప్రాయాన్ని మార్చమని మేము అడగలేదు. 30 శాతం అన్నారు, ఒప్పుకున్నాం. కారణం చెప్పమంటున్నాం. 'పీస్‌లో బయటపడింది' అన్నది ఎక్కడ బయటపడిందో చెబుతుంది గానీ ఎందుకు వచ్చిందో చెప్పదు. పైగా పీస్‌లో బయటపడలేదని 2013 చీటీ చెబుతోంది.

జీవనశైలి గురించి ఒక్కటే అడిగాను. 24 ఏళ్లూ ఆయన ఏం తినాలో, ఎక్కడ పడుకోవాలో, ఎన్నింటికి లేవాలో ఎవరు నిర్ణయించారు?

విచారణ రోజు ఆయన్ని కూడా తీసుకెళ్లాం. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి గానీ చెన్నై చేరదు కాబట్టి ముందురోజే బయల్దేరాలి. బెంచిలో ఒక జడ్జి, ఒక మాజీ సైనికాధికారి కూర్చుంటారు. ఈ ఏర్పాటు వల్ల ఒక లాభం ఉంది. పోస్టింగుల పట్టిక ఏమిటో, పార్టీ పోస్టు మీదికి వెళ్లడమంటే ఏమిటో అధికారికి ఎవరూ వివరించక్కర్లేదు. ఆ అధికారి పట్టిక చూస్తూ మధ్యలో తలెత్తి ఏ గన్ అని అడిగారు. మా హవల్దారుకి వినపడలేదు. ఇంకోసారి అడిగారు. నేను కుడి చెవి దగ్గరికి వంగి చెబితే, "బోఫోర్స్ సాబ్, నంబర్ త్రీ గన్" అని హాలు మారుమోగేలా అన్నాడు. చెవుడు వయసు వల్ల వచ్చిందన్న వాదనని ప్రభుత్వ వకీలు ఆ తరువాత పెద్దగా పట్టుకోలేదు.

2024లో ఆర్డరు వచ్చింది. బీపీ సర్వీసు వల్ల ముదిరింది, 30 శాతాన్ని 50కి సర్ది జీవితాంతం డిజెబిలిటీ ఎలిమెంట్ ఇవ్వాలి. చెవి లోపం సర్వీసు వల్లే వచ్చింది, దాని శాతంలో మార్పు లేదు, కలిపి లెక్కించినా 50 దాటదు. చెవి గురించిన ఆ పేరాని ఆయన జిరాక్స్ తీయించుకుని తన యూనిట్ పాత స్నేహితులకి పంపాడని తరువాత తెలిసింది. బీపీ పేరా పంపలేదట.

ఆర్డరు వచ్చాక

ఆర్డరు వస్తే డబ్బు వచ్చినట్టే అనుకుంటారు. రాదు. ప్రభుత్వం పైకోర్టుకి వెళ్లాలా వద్దా అని ఆలోచించుకుంటుంది. 2023 మార్చిలో సుప్రీంకోర్టు పరశోతమ్ దాస్ కేసులో ట్రిబ్యునల్ ఆర్డర్ల మీద హైకోర్టుకి రిట్ వేయొచ్చని చెప్పింది కాబట్టి ఆ దారి రెండు పక్షాలకీ తెరిచే ఉంది. గడువు దాటాక మేము అమలు పిటిషన్ వేశాం. అది పడ్డాక కదలిక వచ్చింది. పైకోర్టులో ఏదైనా తేలితే దానికి లోబడి అనే షరతుతో మంజూరు ఉత్తరం, ఆ తరువాత పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లో సవరించిన పీపీవో వచ్చాయి. షరతు అనే మాట చూసి భయపడక్కర్లేదు, చాలా మంజూరు ఉత్తరాల్లో అది మామూలే.

సవరించిన పీపీవో రాగానే మూడు చోట్ల చూసుకోవాలి. శాతం 50 అని పడిందా, 30 అనే ఉండిపోయిందా. జీవితాంతం అని ఉందా. బకాయిలో డీఆర్ (ధరల పెరుగుదలకి ఇచ్చే కరువు భత్యం) కలిసిందా. లెక్క కష్టమేం కాదు. 100 శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం, దాంట్లో మన శాతం మేరకు. బేసిక్, మిలిటరీ సర్వీస్ పే కలిపి చివరి జీతం 44,000 అనుకుంటే దానికి 30 శాతం 13,200, అందులో సగం 6,600. దీని మీద డీఆర్ అదనం. సర్వీస్ పెన్షన్‌ని ఇది తాకదు, పక్కన విడిగా వస్తుంది.

బకాయి మాత్రం పూర్తిగా రాలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకి పిటిషన్ వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్ల వరకే ఇవ్వడం 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు నుంచి వస్తున్న పద్ధతి. పెన్షన్ హక్కు పోదు, పాత బకాయి పోతుంది. 2022 జూలైలో వేశాం కాబట్టి 2019 జూలై నుంచి ఇచ్చారు. 2018 ఫిబ్రవరి నుంచి 2019 జూన్ దాకా 17 నెలలు పోయాయి. పైన వేసిన లెక్క ప్రకారం డీఆర్ కాకుండానే లక్షా పన్నెండు వేలు. ఉత్తరం ట్రంకు పెట్టెలో ఉన్నందుకు కట్టిన అద్దె అది.

ఈ పిటిషన్‌ని చూసి ఎవరైనా తమది రాసుకోవాలనుకుంటే ఒక్క సంగతి ముందు చూసుకోండి. 2023 సెప్టెంబరు 21 నుంచి బయటికొచ్చినవాళ్లకి కొత్త ఎంటైటిల్‌మెంట్ రూల్సు వర్తిస్తాయి. ఎలిమెంట్ పేరు కూడా మారింది, ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అంటున్నారు. వాళ్లు దీన్ని ఉన్నదున్నట్టు కాపీ కొడితే పనికిరాదు. అంతకు ముందు వచ్చినవాళ్లకి పరిస్థితి మా కేసు నాటికన్నా ఇప్పుడు మెరుగ్గానే ఉంది. జీవనశైలి, పీస్ స్టేషను అనే రెండు మాటలతో సరిపెట్టడం కుదరదని, 2008 రూల్సు కింద కూడా బోర్డు కారణాలు చెప్పాల్సిందేనని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు గవాస్ అనిల్ మద్సో కేసులో వివరంగా చెప్పింది. అదే ఏడాది మే నెలలో రాజుమోన్ కేసులో సుప్రీంకోర్టు కూడా, కారణాలు లేని బోర్డు అభిప్రాయం ఆధారంగా పెన్షన్ నిరాకరించడం చెల్లదంది. అలాగని బీపీ కేసులన్నీ గెలిచేస్తాయని కాదు. 24 ఏళ్లలో ఫీల్డు పోస్టింగు ఒక్కటీ లేని ఒకాయన, ఒంగోలు నుంచి, ఈ తీర్పులు పట్టుకుని వచ్చాడు. ఆయన పోస్టింగుల పట్టిక చూశాక కేసు తీసుకోలేదు.

మా హవల్దారు పంపిన జిరాక్సు చూసి ఆత్మకూరు నుంచి ఆయన బ్యాచ్‌మేట్ వచ్చాడు. 2010లో డిస్‌ఛార్జి, మోకాలి దెబ్బ, 20 శాతం, నానా. బోర్డు ఫారం ఇంట్లో లేదు. డిస్‌ఛార్జి అయి 15 ఏళ్లు నిండటానికి అప్పటికి కొన్ని నెలలే ఉంది. అవి నిండాక రికార్డులు దొరకకపోతే రుజువు భారం ఆయన నెత్తిన పడుతుంది. ఫీజు సంగతి తరువాత మాట్లాడదామని, ముందు సమాచార హక్కు అర్జీ మీద సంతకం పెట్టించి పంపాను. దెబ్బ తగిలినప్పుడు యూనిట్ రాసిన ఇంజరీ రిపోర్టు దొరుకుతుందా లేదా అన్నదాని మీద ఆ కేసు ఆధారపడి ఉంది.